ఎల్‌ఈడీలు, చార్జర్లు నిండిన ఇంట్లో 60 కిలోహెర్ట్జ్ టైం సిగ్నల్ పట్టాలంటే ఏం తీసుకోవాలి, ఏం తీసుకోకూడదు

మార్చిలో డేలైట్ సేవింగ్ మొదలైన ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే ఫోన్లు మారాయి, ల్యాప్‌టాప్ మారింది, ఆఖరికి కారులో గడియారం కూడా మారింది, హాల్లో గోడకున్న అటామిక్ క్లాక్ మాత్రం పాత టైమే చూపిస్తూ కూర్చుంది. "తనంతట తను సరిచేసుకుంటుందని కొన్నది ఇంట్లో ఇదొక్కటే కదండీ" అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటతో మొదలై దాదాపు ఏడాది పాటు ఫెర్రైట్ రాడ్లు, చెక్క ఫ్రేములు, వైరు చుట్టలతో మా బేస్‌మెంట్ నింపేశాను. న్యూజెర్సీలో ఉంటాం మేము, కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా అమెరికా తూర్పు వైపు వాళ్ళకే పనికొస్తుంది, మిగతా చోట్ల వాళ్ళ సంగతి మధ్యమధ్యలో చెప్తా.

ముందు ఒక మాట, ఈ గడియారంలో అటామిక్ ఏమీ లేదు. లోపల ఓ చిన్న రేడియో, యాంటెన్నాగా చిటికెన వేలంత ఫెర్రైట్ (అయస్కాంత క్షేత్రాన్ని పోగుచేసే నల్లటి పదార్థం) రాడ్డు మీద సన్న రాగి తీగ చుట్టి ఉంటుంది, అంతే. అసలు అణు గడియారాలు కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ దగ్గర నిస్ట్ (అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) వాళ్ళ డబ్ల్యూడబ్ల్యూవీబీ స్టేషన్‌లో ఉంటాయి, 1963 నుంచి 60 కిలోహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తున్నారు, పూర్తి పవర్‌లో ఉంటే 70 కిలోవాట్లు. సెకనుకి ఒక్క బిట్ చొప్పున నిమిషానికి ఒక పూర్తి టైం వస్తుంది: ప్రతి సెకను మొదట్లో పవర్ 17 డెసిబెల్స్ తగ్గిస్తారు, 0.2 సెకన్లకి మళ్ళీ పెంచితే సున్నా, 0.5 అయితే ఒకటి, 0.8 అయితే మార్కర్. డేలైట్ సేవింగ్ సంగతి కూడా ఆ బిట్లలోనే ఉంటుంది. అంటే ఆ నిమిషంలో ఎక్కడో ఓ సెకను దగ్గర మీ ఫ్రిజ్ స్టార్ట్ అయ్యి టప్పుమందంటే ఆ బిట్ పోయినట్టే, పైగా జర్మనీ టైం సిగ్నల్‌లో ఉన్నట్టు ఇందులో తప్పు పట్టించే పారిటీ బిట్లు కూడా లేవు, కాబట్టి తప్పు వచ్చినా తప్పని తెలీదు. మంచి గడియారాలు వరసగా రెండు మూడు నిమిషాలు విని పోల్చుకుని గానీ ముల్లు కదపవు.

ఇక్కణ్ణుంచి ఫోర్ట్ కాలిన్స్ దాదాపు 2,600 కిలోమీటర్లు. పగలు ఆకాశంలో బాగా పైన ఉండే అయనోస్ఫియర్ కింది పొర సిగ్నల్‌ని మింగేస్తుంది, రాత్రి ఆ పొర పోతుంది కాబట్టి సిగ్నల్ బలపడుతుంది, అందుకే గడియారాలన్నీ అర్ధరాత్రి తర్వాతే వింటాయి. ఇంకో తంటా కూడా ఉంది, ఇంగ్లాండ్‌లో యాంతోర్న్ నుంచి వచ్చే ఎమ్‌ఎస్‌ఎఫ్ అనే టైం సిగ్నల్ కూడా సరిగ్గా 60 కిలోహెర్ట్జే, తూర్పు తీరంలో రాత్రి పూట అదీ ఇదీ కలిసి వస్తాయి. లీడ్స్‌లో ఉన్న మా బావమరిదికి ఈ బాధే లేదు, యాంతోర్న్ వాళ్ళకి 200 కిలోమీటర్లు కూడా లేదు, "బావా, నా గడియారం రౌటర్ వెనకాల పెట్టినా సింక్ అవుతోంది, నువ్వేంటి అంత కష్టపడుతున్నావ్" అంటాడు. స్టేషన్ పక్కన ఉండేవాళ్ళు ఇది చదవడం ఇక్కడితో ఆపేసి ఏ చవక గడియారమైనా కొనేసుకోండి.

దూరంగా ఉన్నవాళ్ళకి అసలు విషయం ఏంటంటే, ఎక్కువ సిగ్నల్ లాగే యాంటెన్నా ఏదని వెతికితే దారి తప్పినట్టే. 60 కిలోహెర్ట్జ్‌లో గాలిలో ఉన్న చప్పుడే రిసీవర్ సొంత చప్పుడు కన్నా చాలా ఎక్కువ, యాంటెన్నా పెద్దది చేస్తే సిగ్నల్‌తో పాటు ఆ గోల కూడా అంతే పెరుగుతుంది. చూడాల్సింది మీ ఇంటి గోలని తక్కువ తీసుకొచ్చేది ఏదని. ఫోన్ చార్జర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, టీవీ పవర్ సప్లైలు చాలావరకు 50 నుంచి 150 కిలోహెర్ట్జ్ మధ్యే స్విచ్ అవుతుంటాయి, ఇండక్షన్ స్టవ్ 20 పైన మొదలై ఈ బ్యాండ్‌లోకే వస్తుంది, అంటే మనకి కావలసిన చోటే వీళ్ళందరి కాపురం. ఇంకా ఈ ఫ్రీక్వెన్సీకి తరంగదైర్ఘ్యం 5 కిలోమీటర్లు కాబట్టి చుట్టూ 800 మీటర్ల దాకా నియర్ ఫీల్డే, అంటే మీ ఇల్లే కాదు పక్క వీధి కూడా యాంటెన్నా ఒళ్ళో కూర్చున్నట్టే లెక్క.

అయితే దీన్లోనే మంచి కూడా ఉంది. నియర్ ఫీల్డ్‌లో చిన్న అడాప్టర్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం దూరం ఘనంతో పడిపోతుంది, 30 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదాన్ని 1.2 మీటర్లకి జరిపితే 64 వంతులు తగ్గుతుంది. మా ఇంట్లో దొంగ ఎవరో తెలుసా, గడియారం కింద రెండడుగుల్లో ఉన్న పూజ మందిరానికి చుట్టిన ఎల్‌ఈడీ దండ, ఆ దండ తాలూకు అడాప్టరు! పట్టుకోవడానికి పెద్ద సామానేమీ అక్కర్లేదు, బ్యాటరీతో నడిచే ఏఎమ్ రేడియో 530 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి ఇల్లంతా తిరిగాను, మందిరం దగ్గరికి రాగానే గుర్రుమంది. స్విచింగ్ సప్లైల హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతలు, అలా పైపైన వచ్చే గోల) అక్కడిదాకా వస్తాయి కాబట్టి ఇది పనిచేస్తుంది. ఇంకా ఖాయం చేసుకోవాలంటే రాత్రి మెయిన్ బ్రేకర్ ఓ పావుగంట దించి, బ్యాటరీ గడియారాన్ని చేత్తో సింక్ చేయించి చూడండి, అప్పుడు పట్టిందంటే తప్పు మీ ఇంట్లోనే, అప్పుడూ పట్టకపోతే పక్కింటి వైపు అనుమానించొచ్చు. మా ఫ్రీజర్లో పచ్చళ్ళు పాడవుతాయని నాకు పది నిమిషాలే పర్మిషన్ దొరికింది.

సరే, ఇప్పుడు మనకున్న దారులు ఒక్కోటీ చూద్దాం.

మొదటిది ఉన్న గడియారాన్నే సరైన చోట పెట్టుకోవడం, డబ్బు ఖర్చు లేదు, పదింట ఏడెనిమిది మందికి ఇదే చాలని నా నమ్మకం. లోపలి రాడ్డు మామూలుగా గోడకి సమాంతరంగా అడ్డంగా పడుకుని ఉంటుంది, రాడ్డు పక్కభాగం స్టేషన్ వైపు చూస్తే సిగ్నల్ బాగా వస్తుంది, కొస స్టేషన్ వైపు చూస్తే దాదాపు ఏమీ రాదు. న్యూజెర్సీ నుంచి ఫోర్ట్ కాలిన్స్ పడమరకి కాస్త ఉత్తరంగా ఉంటుంది, కాబట్టి రాడ్డు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, అంటే గడియారం తూర్పు గోడకో పడమటి గోడకో ఉండాలి. వాస్తు చూసేవాళ్ళు దక్షిణం గోడకి గడియారం వద్దంటారు, రేడియో కూడా వద్దనే అంటుంది, కాకపోతే వాళ్ళు మెచ్చుకునే ఉత్తరం గోడని కూడా రేడియో ఒప్పుకోదు. తూర్పు గోడ అయితే ఇద్దరికీ సమ్మతమే, గొడవ లేదు.

ఇందులోనే ఇంకో కిటుకు ఉంది, రాడ్డుకి సిగ్నల్ వచ్చే దిక్కు వెడల్పుగా ఉంటుంది, రాని దిక్కు మాత్రం సన్నగా, పదునుగా ఉంటుంది. 30 డిగ్రీలు పక్కకి తిప్పినా సిగ్నల్లో పోయేది ఒక డెసిబెల్ కొంచెం పైన, అంతే. కానీ ఆ తిప్పడంలో రాడ్డు కొస మీ గోల పెట్టే వస్తువు వైపుకి వచ్చిందంటే దాని చప్పుడు చాలాసార్లు ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి స్టేషన్‌కి గురిపెట్టడం కన్నా శత్రువుకి కొస చూపించడం మేలు. టేబుల్ క్లాక్ అయితే ఇలా తిప్పుకోవచ్చు, గోడ గడియారంతో కుదరదు, కొనేముందు ఇది ఆలోచించుకోండి.

రెండోది విడి రిసీవర్ మాడ్యూల్, అంటే చిన్న బోర్డు, దానికి ఫెర్రైట్ రాడ్డు, పల్సులు బయటికిస్తుంది, డీకోడ్ చెయ్యడం ఆర్డుయినో (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంప్యూటర్ బోర్డు)తో మీరు చేసుకోవాలి. ఎమ్‌ఏఎస్6180 చిప్‌తో వచ్చేవి దొరుకుతాయి, ఖర్చు ఓ పెద్ద పిజ్జా అంత. సోల్డరింగ్ అలవాటున్నవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే, ఎందుకంటే రాడ్డుని గడియారం నుంచి విడదీసి నాలుగైదు మీటర్ల అవతల అటకమీదో, చప్పుడు లేని క్లోజెట్ మూలనో పెట్టొచ్చు. అయితే ఎక్కువమంది చేసే తప్పు, నేను కూడా చేశాను, రాడ్డుని ఆర్డుయినో పక్కనే బ్రెడ్‌బోర్డ్ మీద పెట్టి యూఎస్‌బీ చార్జర్‌తో నడపడం. ఆ చార్జరే గోల, ఆర్డుయినో ఇంకో గోల, మల్టీప్లెక్స్ అయ్యే ఎల్‌ఈడీ డిస్‌ప్లే అన్నిటికన్నా పెద్ద గోల. మాడ్యూల్‌కి రెండు పెన్‌టార్చ్ సెల్సు, రాడ్డుకీ బోర్డుకీ మధ్య కనీసం ఒక మీటరు దూరం, వినేటప్పుడు డిస్‌ప్లే ఆర్పెయ్యడం, ఈ మూడూ చేశాక నాకు రాత్రికి ఒకటో అరో వచ్చే నిమిషాలు గంటకి ముప్పై పైన రావడం మొదలుపెట్టాయి. కోడ్ రాసేటప్పుడు కూడా వచ్చిన నిమిషాన్ని వెంటనే నమ్మకండి, ముందు నిమిషానికి ఒకటి కలిపితే ఇది వస్తుందా అని చూసుకుని అప్పుడు నమ్మండి.

దీనికే అన్న లాంటిది ఎవర్‌సెట్ వాళ్ళ ఈఎస్100 చిప్. 2012 అక్టోబర్ నుంచి డబ్ల్యూడబ్ల్యూవీబీ పాత కోడ్‌తో పాటు ఫేజ్ మార్చి (అంటే తరంగాన్ని తలకిందులు చేసి) కూడా టైం పంపిస్తోంది, ఈ కొత్త కోడ్ చదివే రిసీవర్‌కి పవర్ తగ్గించి పెంచడం సంగతి పట్టదు, ఫేజ్ తిరిగిందా లేదా అన్నదే చూస్తుంది, పైగా తప్పుల్ని సరిదిద్దే బిట్లు కూడా ఉన్నాయి. ఈఎస్100 ఈ ఫేజ్‌నే చదువుతుంది, రెండు రాడ్లు లంబంగా పెట్టుకుంటే ఏది బాగా వింటే అది వాడుకుంటుంది. తూర్పు తీరంలో ఇంగ్లాండ్ స్టేషన్ అడ్డొచ్చే బాధకి మందు ఇదే, అసలు ఈ పద్ధతి పెట్టడానికి మా బాధ కూడా ఒక కారణం. ఖరీదు మామూలు మాడ్యూల్ కన్నా ఎక్కువ, టైం పట్టడానికి రెండు నిమిషాల పైన తీసుకుంటుంది, ఒక్కసారి పట్టిందంటే మాత్రం తప్పు చెప్పడం చాలా అరుదు. అపార్ట్‌మెంట్‌లో ఉండి యాంటెన్నా బయట పెట్టే వీలు లేనివాళ్ళు సరాసరి దీనికే వెళ్ళండి.

మూడోది పెద్ద లూప్. మీటరు చదరపు చెక్క ఫ్రేముకి పాతిక చుట్లు వైరు చుడితే రెండు మిల్లీహెన్రీలు, అటూ ఇటూగా వస్తుంది, దానికి 3,500 పికోఫారడ్ల కెపాసిటర్ పెడితే 60కి ట్యూన్ అవుతుంది. చెయ్యడం సరదాగా ఉంటుంది, సిగ్నల్ చూస్తే కళ్ళు తిరుగుతాయి, కానీ అదే ఇంట్లో పెడితే మందిరం దండ కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది. లూప్ విలువ తెలిసేది పెరట్లో, ఇంటికి పది పదిహేను మీటర్ల అవతల పెట్టినప్పుడే. అప్పుడు కూడా కేబుల్ సంగతి మర్చిపోకండి, ఇంట్లో కరెంటు వైర్ల మీద తిరిగే గోల ఆ కేబుల్ షీల్డ్ పట్టుకుని నడుచుకుంటూ లూప్ దాకా వెళ్తుంది, దూరం పెట్టిన ఫలితం మొత్తం పోతుంది. షీల్డెడ్ ట్విస్టెడ్ పెయిర్ కేబుల్, రెండు చివర్లా చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టుకోవాలి. హామ్ (అమెచ్యూర్ రేడియో) వాళ్ళ దగ్గర ఉండే, కేబుల్‌కి తగిలించే 31 మిక్స్ రకం ఫెర్రైట్ క్లిప్ బీడ్లు షార్ట్‌వేవ్‌కి బాగుంటాయి గానీ 60 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్నా లేనట్టే, 75 మిక్స్ లాంటి, అయస్కాంత క్షేత్రాన్ని ఇంకా బాగా పట్టే ఫెర్రైట్ రింగు (టొరాయిడ్) మీద కేబుల్‌ని పదిహేను ఇరవై చుట్లు తిప్పితే గానీ దారికి రాదు.

నాలుగోది యాక్టివ్ విప్, జానెడు పొడవు రాగి ముక్క, కింద ఓ ఆంప్లిఫయర్. అందరూ దీన్నే కొంటారు, చిన్నది కదా, 10 కిలోహెర్ట్జ్ నుంచి షార్ట్‌వేవ్ దాకా అన్నీ వస్తాయి కదా అని. ఇంట్లో దీన్ని పెట్టొద్దు, దయచేసి. ఇది ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని పట్టుకుంటుంది, ఇంట్లో గోడల్లో ప్రతి వైరూ ఆ ఫీల్డ్‌నే వెదజల్లుతుంది, పైగా లూప్‌లా తిప్పి తప్పించుకునే అవకాశం కూడా లేదు, అన్ని వైపుల నుంచీ సమానంగా వింటుంది. ఇంకా దానికి రెండో కాలు కోయాక్స్ (షీల్డ్ ఉన్న యాంటెన్నా వైరు) కేబులే, ఆ కేబుల్ ఇంటి గ్రౌండ్‌కి తగిలించారంటే యాంటెన్నాలో సగం మీ ఇల్లే అయిపోతుంది. పొలం లాంటి చోటుంటే, ఇంటికి దూరంగా గుంజ పాతి, దాని మొదట్లో విడిగా ఎర్త్ రాడ్డు కొట్టి పెట్టగలిగితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాదనను, కానీ టౌన్‌హౌస్‌లో కాదు.

విప్పా లూపా అన్న ఈ గొడవ మన గడియారాలది కాదు, పాతది. లొరాన్-సి అని 100 కిలోహెర్ట్జ్ నావిగేషన్ ఉండేది, ఓడలూ విమానాలూ దాని పల్సులు వచ్చే టైం తేడా కొలిచి ఎక్కడున్నామో తెలుసుకునేవి. ఆకాశం మీద పడి తిరిగొచ్చే తరంగం కలవక ముందే పట్టుకోవాలని పల్సు మొదలైన 30 మైక్రోసెకన్ల దగ్గర, మూడో సైకిల్ మీద కొలిచేవాళ్ళు, అంత నాజూకు పని. విప్ వాడితే పొడి మంచూ వానా తగిలి స్టాటిక్ చేరి సిగ్నల్ మునిగిపోయేది, ఒకదానికొకటి అడ్డంగా రెండు లూపులు పెడితే ఆ బాధ పోయేది, కాకపోతే ఎటు తిరిగితే అటు ఫేజ్ లెక్క సరిచూసుకోవాలి. పక్కనే కరెంటు లైన్ల మీద నడిచే క్యారియర్ సిగ్నళ్ళు వచ్చి పడేవి, వాటిని మాత్రం కోసేయడానికి నాచ్ ఫిల్టర్లు పెట్టేవాళ్ళు. ఇప్పటి వైర్‌లెస్ ఫోన్ చార్జర్లు కూడా 110 దగ్గర మొదలవుతాయి, లొరాన్ ఇప్పుడుంటే వాటితో చచ్చేది. అమెరికాలో దాన్ని 2010 ఫిబ్రవరి 8న ఆపేశారు, యూరప్‌లో 2015 చివరికి చాలా స్టేషన్లు మూసేశాక కూడా యాంతోర్న్‌లో మాత్రం టైమింగ్ కోసం నడిపారు. మన దేశంలో కూడా గుజరాత్ వైపు, బెంగాల్ ఒడిశా వైపు లొరాన్ స్టేషన్లు ఉండేవి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఈబేలో అందమైన లొరాన్ రిసీవర్లు చవగ్గా కనిపిస్తాయి, అమెరికాలో వాటితో వినడానికి ఏమీ లేదు, పేపర్లు ఎగరకుండా పెట్టుకోవడానికి కొనుక్కోండి. అలాగే 2012కి ముందు తయారైన, 60 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ ఫేజ్‌కి లాక్ అయ్యే ఫ్రీక్వెన్సీ స్టాండర్డులు (ల్యాబుల్లో ఫ్రీక్వెన్సీ సరిచూసుకునే పెట్టెలు) కూడా, ఫేజ్ తిప్పడం మొదలెట్టాక అవి లాక్ కావు. నేను ఒకటి కొన్నాను, ఎంతకో అడక్కండి.

అసలు రేడియోనే ఎందుకు, వైఫై గడియారం కొనుక్కోవచ్చు కదా అంటారా, కొనుక్కోవచ్చు. గోడ మీద టైం కరెక్టుగా ఉంటే చాలనుకునేవాళ్ళకి అదే తేలిక, ఇంటర్నెట్ టైం కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్ల తేడాతో వస్తుంది. 60 కిలోహెర్ట్జ్ కూడా నాకు చేరేసరికి దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యం, కాబట్టి ఆ లెక్కలో పెద్ద గొప్ప లేదు. ల్యాబ్‌కో సర్వర్‌కో కావాలంటే జీపీఎస్ తప్ప ఇంకోటి చూడకండి, కిటికీ పక్క యాంటెన్నా పెడితే పదుల నానోసెకన్లు, మందిరం దండ దాని జోలికి పోలేదు. దాని బలహీనత వేరే, సిగ్నల్ చాలా సన్నం. మా దగ్గర్లో నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో ఓ కంపెనీ వాహనం నడిపే అతను, బాస్ తనని ట్రాక్ చెయ్యకుండా జీపీఎస్‌ని అడ్డుకునే చిన్న జామర్ పెట్టుకుని తిరిగితే విమానాల జీపీఎస్ ల్యాండింగ్ సిస్టం చెదిరిపోయింది, 2013లో ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియో నియంత్రణ సంస్థ) 31,875 డాలర్ల జరిమానా వేస్తామంది. 60 కిలోహెర్ట్జ్‌ని అలా జేబులో పెట్టుకునే పెట్టెతో ఊరంతా ఆపలేరు, అంత పొడవు తరంగానికి ఎంత యాంటెన్నా కావాలో చూడండి. అయినా స్టేషన్ కూడా మనిషి కట్టిందే, 2024 ఏప్రిల్‌లో గాలులకి ఒక యాంటెన్నా దెబ్బతిని కొన్నాళ్ళు తక్కువ పవర్‌తో నడిచింది, అప్పుడు నా గడియారం పట్టకపోతే నేను మళ్ళీ మందిరం వైపే అనుమానంగా చూశాను.

ఇండియాలో అమ్మానాన్నలకి కొందామనుకునేవాళ్ళకి ఒక్కటే మాట, రేడియో కోసం కొనకండి. మల్టీబ్యాండ్ వాచీ (పలు దేశాల టైం సిగ్నళ్ళు వినగలిగేది) ఒకటి విజయవాడ తీసుకెళ్ళి నాన్న చేతికి పెట్టా, "ఇది అమెరికా నుంచి టైం తెచ్చుకుంటుందా" అని మురిసిపోయాడు పాపం. మన దేశంలో ఇలాంటి లో ఫ్రీక్వెన్సీ టైం స్టేషన్ లేదు. దగ్గరున్నది చైనాలో షాంగ్‌చియూ, 68.5 కిలోహెర్ట్జ్, హైదరాబాద్‌కి 4,000 కిలోమీటర్ల పైమాటే, వాచీ కంపెనీ వాళ్ళే దానికి 1,500 కిలోమీటర్లు అని రాస్తారు. జపాన్ 5,000 దాటి, జర్మనీ 7,000. వికారాబాద్ దామగుండంలో నేవీ వాళ్ళు కడుతున్న స్టేషన్ వస్తే పట్టదా అని మా పెదనాన్న కొడుకు అడిగాడు, పట్టదు అన్నయ్యా, అది ఇంకా కింది ఫ్రీక్వెన్సీలో, అంటే వీఎల్‌ఎఫ్‌లో, సబ్‌మెరైన్లకి మాట చేర్చడానికి, గోడ గడియారాలకి కాదు. అక్కడికి బ్లూటూత్‌తో ఫోన్ నుంచి టైం తెచ్చుకునే వాచీయో జీపీఎస్ వాచీయో తీసుకెళ్ళండి.

జర్మనీలో ఉన్న మనవాళ్ళకి స్టేషన్ ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే మైన్‌ఫ్లింగెన్, 77.5 కిలోహెర్ట్జ్, బాధ తక్కువే, ఇంట్లో పాత గాజు బుడ్డీ టీవీ ఇంకా ఉంటే మాత్రం దూరం పెట్టండి, దాని 15.625 కిలోహెర్ట్జ్‌కి ఐదో హార్మోనిక్ 78.125 దగ్గర పడుతుంది.

ఇంకొకటి మర్చిపోయా, సోలార్ ప్యానెళ్ళున్నాయని భయపడకండి, వాటి ఇన్వర్టర్ పగలే గోల పెడుతుంది, గడియారం వినేది రాత్రి. కారు చార్జింగే అసలు ప్రమాదం, అందరూ అర్ధరాత్రి దాటాకే పెడతారు, సరిగ్గా గడియారం చెవి రిక్కించే టైంలో. గరాజ్ గోడకి అవతల వైపు గడియారం ఉంటే ముందు అది మార్చండి.

ఇంత చేసి మా హాల్లో ఇప్పుడున్నది ఏంటంటే, పాత గడియారమే, తూర్పు గోడ మీదకి మారింది. మందిరం దండకి ముల్లు తిరిగే పాతకాలం టైమర్ ఒకటి పెట్టాం, రాత్రి 11కి ఆగి పొద్దున 6కి వెలుగుతుంది. ఈఎస్100 బేస్‌మెంట్‌లో నా బల్ల మీద ఉంది, లూప్ పెరట్లో బీరపాదు పాకడానికి పనికొస్తోంది. నవంబర్‌లో టైం వెనక్కి మారిన ఆదివారం లేచేసరికి గోడ గడియారం సరిగ్గానే ఉంది, తప్పు చూపిస్తున్నది స్టవ్ మీది గడియారం, దాన్ని మా ఆవిడే నొక్కి సరిచేసింది, నా వైపు చూస్తూ.